మామ్మ ఫొటోకి మొదటి బహుమతి

నా చిన్నప్పుడు చోడవరంలో సొంత కెమెరా ఉన్న ఇళ్ళు బహు తక్కువ. మా ఇల్లు వాటిలో లేదు. అయినా ఏడాదిలో ఒకటి రెండుసార్లు మా ఇంటికి ఒక కెమెరా చుట్టంలా వచ్చి, కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయేది. అది ఊళ్ళోని ఫొటోల క్లబ్బుది. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. హైస్కూలు సైన్సు మాస్టారు, మందుల షాపాయన, పోస్టాఫీసులో ఇద్దరు, మా నాన్న, ఇంకొందరు అంతే. అందరూ కలిసి కొనుక్కున్నది ఒకే కెమెరా. అది వంతుల వారీగా ఇళ్ళు తిరిగేది. ఎవరి వంతు వస్తే వాళ్ళు రీలు వేసుకుని, అది పూర్తయ్యాకే తరువాతివాళ్ళకి అప్పగించాలి. సగం రీలుతో ఇవ్వడం వాళ్ళలో మహా నామోషీ.

మా నాన్న షుగరు ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర గుమస్తా. పగలంతా బళ్ళు చూసీ చూసీ విసుగు పుట్టదు కాబోలు, కెమెరా చేతికొస్తే మళ్ళీ ఆ బళ్ళనే తీసేవాడు. లేకపోతే దేవరాపల్లి వైపు కొండలు, పొద్దుగూకే ఆకాశం, వెన్ను వేసిన చెరకు. ఆయన ఫొటోల్లో మనుషులు ఉంటే గింటే చీమలంత ఉండేవారు. ప్రతి ఏడాదీ క్లబ్బు పోటీకి ఒకటి పంపేవాడు, ప్రతి ఏడాదీ ఉత్త చేతులతో వచ్చేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఈసారి జడ్జీకి కొండలంటే పడదనుకుంటాను అనేవాడు. ఆకాశమంటే పడని జడ్జీలు, చెరకంటే పడని జడ్జీలు, అన్ని రకాలూ వచ్చారు మా నాన్న ప్రాణానికి.

మొదటి బహుమతి వచ్చిన ఫొటోకి ఫ్రేము కట్టించి, కింద తీసిన మనిషి పేరు రాయించి, క్లబ్బు గదిలో గోడకి తగిలించేవారు. ఆ గోడ మీద తన పేరు చూసుకోవాలని మా నాన్న కోరిక. ఇల్లు కట్టాలనీ పొలం కొనాలనీ ఆయన అనగా నేను వినలేదు. ఈ ఒక్క కోరిక మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. పోటీ ముందు ప్రింట్లన్నీ మంచం మీద పరిచి, ఏది పంపమంటావని అమ్మని అడిగేవాడు. అమ్మ చేతి తడి తుడుచుకుని వచ్చి, వంగి చూసి, ఎక్కడో ఓ మూల బండివాడు చుట్ట కాల్చుకోవడమో, కూలిపిల్ల నీళ్ళు తాగడమో చూపించేది. నాన్న బాగానే ఉందనేవాడు. పంపేది మాత్రం కొండనే.

ఇంట్లోవాళ్ళ మీద ఆయన ఒక్క ఫొటో కూడా ఖర్చు పెట్టలేదు. వీళ్ళెక్కడికి పోతారు, ఎప్పుడైనా తియ్యొచ్చు అనేవాడు. చివరికి పోయింది ఆయనే. ఒక ఏడు చెరకు ఆడే రోజుల్లో, కెమెరా మా ఇంట్లో ఉండగానే కామెర్లు వచ్చాయి. ఆకుపసరులయ్యాయి, ఆసుపత్రి అయింది, ఏదీ ఆయన్ని నిలబెట్టలేదు. నాకప్పటికి పదేళ్ళు.

మా నాన్నకి తల్లి, మా మామ్మ మాతోనే ఉండేది. నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆవిడ చేసే మొదటి పని, ఆయన సైకిలుకి తగిలించిన అన్నం క్యారేజీ అందుకుని, పెరట్లోకి తీసుకెళ్ళి, ఒక్కొక్క గిన్నే విప్పి లోపలికి చూడడం. కొడుకు అంతా తిన్నాడా, వదిలేశాడా అని. పెళ్ళయి పిల్లదాన్ని కన్న కొడుకుని కూడా ఆవిడ అలాగే తనిఖీ చేసేది. నాన్న పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఖాళీ క్యారేజీ తీసుకుని పెరట్లో కూర్చుని, విప్పి, చూసి, కడిగి బోర్లించేది. మేం ఎవరం వద్దనలేదు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి సైన్సు మాస్టారు వచ్చారు. క్లబ్బుకి సెక్రటరీ ఆయనే, నాన్నకి స్నేహితుడూ ఆయనే. కెమెరా కోసం వచ్చానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. కాఫీ తాగి, నా చదువు సంగతి అడిగి, ఊరికే కూర్చున్నారు. అమ్మే గ్రహించి లోపల్నుంచి కెమెరా తెచ్చి ఇచ్చింది. ఆయన కెమెరా మీద అంకె చూసి, మూడు ఫొటోలు మిగిలాయమ్మా, పరవాలేదు, అలాగే కడిగేస్తాను అన్నారు.

అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, తల ఎత్తకుండా అంది. "ఆయనెప్పుడూ రీలు మిగిల్చి ఇవ్వలేదండి మాస్టారూ. ఎలగ నొక్కాలో సెప్పండి. నేను పూర్తి సేసి ఇస్తాను."

అది గుండెకి ఆనించుకుని, పైనున్న చిన్న అద్దంలోకి వంగి చూసి తీసే పాతరకం పెట్టె కెమెరా. మాస్టారు అన్నీ సరిచేసి ఇచ్చి, ఎండ నీ వీపున ఉండాలి, ఊపిరి బిగబట్టి నొక్కాలి అని చెప్పారు. ఆ రోజుల్లో అమ్మ ఎవరి ముఖమూ చూసేది కాదు. ఆ కెమెరాకి తల ఎత్తనక్కర్లేదు. మొదటి ఫొటో నన్ను తీసింది. నేను కదిలిపోయాను. రెండోది గోడకి ఆనించి ఉన్న నాన్న సైకిలు. మూడోదానికి కెమెరా పట్టుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది. ఒక అడుగు ముందుకి వేసింది. మళ్ళీ సగం అడుగు వెనక్కి తీసుకుంది. అక్కడ మామ్మ, సాయంత్రపు ఎండలో పీట మీద కూర్చుని, క్యారేజీ గిన్నెలోకి చూస్తోంది. అమ్మ నొక్కింది. మామ్మకి తెలియలేదు.

ఆ ఏడు పోటీ నాన్న పోయిన రెండు నెలలకి జరిగింది. ఏడాది తిరగలేదు కనుక అమ్మ గడప దాటే మాట లేదు. మాస్టారు వచ్చి, మీ నాన్న తరఫున ఎవరో ఒకరు ఉండాలని చెప్పి నన్ను సైకిలు మీద తీసుకెళ్ళారు. గదిలో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలు తగిలించారు. వాటికి అంకెలే గాని పేర్లు లేవు. ఎవరిది ఏదో రాసిన చీటీ మాస్టారి దగ్గర మాత్రమే ఉంటుంది. నేను ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. కిటికీ పక్కన మా మామ్మ ఉంది.

విశాఖపట్నం నుంచి జడ్జిగా వచ్చిన పెద్దాయన ఆ ఫొటో ముందు ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తరువాత లేచి దాని గురించే మాట్లాడారు. గిన్నె అంచు మీద పడ్డ వెలుతురు ఆవిడ గడ్డం దాకా వచ్చి ఆగిందన్నారు. కళ్ళు నీడలో ఉన్నా చూపు ఎక్కడుందో మనకి తెలుస్తోందన్నారు. ఒక అడుగు దగ్గరికి వెళ్తే ఆవిడకి తెలిసిపోయేది, ఒక అడుగు దూరం జరిగితే మనకి తెలిసేది కాదు, తీసినవారు ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి అన్నారు. చివరికి ఇంకో మాట కూడా అన్నారు. "బిడ్డ కడుపునిండా తిన్నాడో లేదో చూసుకుంటున్న తల్లి ఈవిడ. ఇది కొడుకు తప్ప ఇంకెవరూ తియ్యలేని ఫొటో."

మాస్టారు లేచి నాన్న పేరు చదివారు. గదిలో అందరూ నిలబడ్డారు. మందుల షాపాయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఎవరో నన్ను ముందుకి నడిపించారు, ఎవరో చేతిలో బహుమతి కప్పు పెట్టారు. నాన్న పేరు అంత గట్టిగా, అంతమంది మధ్య వినడం అదే మొదలు. ఏడుపు వచ్చింది. అది నాన్న కోసమో, అమ్మ కోసమో అప్పుడు నాకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు. మా వీధి మొదట్లో ఆగి, సంచిలోంచి ఆ ఫొటో చిన్న ప్రింటు తీసి నాకిచ్చారు. "పేరు నేనే రాసేనని మీ అమ్మకి సెప్పు తల్లీ. నా స్నేహితుడి పేరు ఆ గోడ మీద ఉండాలని రాసేను. తప్పనుకుంటే కబురు పెట్టమను, రేపే దింపేస్తాను." గుమ్మం దాకా రాకుండా అక్కణ్ణుంచే వెళ్ళిపోయారు. క్లబ్బులో మెంబర్లకే పోటీ. అమ్మ మెంబరు కాదు, ఆ రోజుల్లో ఆడవాళ్ళు అవుతారని ఎవరికీ తోచనూ లేదు. కనుక ఆ ఫ్రేము కింద ఉంటే నాన్న పేరు ఉండాలి, లేకపోతే ఫ్రేమే ఉండదు. అమ్మ పేరు రాసే వీలు అసలు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి వీధి అరుగు మీద మామ్మ ఉంది. కప్పు లాక్కున్నంత పని చేసి, ఒడిలో పెట్టుకుని, ఫొటో కంటికి దగ్గరగా పట్టుకుంది. తనేనని గుర్తుపట్టడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక ఆవిడ ముఖంలో వచ్చిన మార్పు నేనింకా మరిచిపోలేదు. ఇన్నాళ్ళూ కొండల్నీ బళ్ళనీ తీసేడనుకున్నాను గాని, నా కొడుకు నన్ను కూడా చూసేడన్నమాట అని, వినేవాళ్ళెవరైనా ఉన్నారా లేదా అని చూడకుండా చెప్పుకుంటోంది. నాన్న పోయినప్పట్నుంచీ ఆవిడ నోట అంత పొడుగు మాట రాలేదు.

అమ్మ వచ్చి వెనక నిలబడి ఫొటో చూసింది. చూడగానే సంగతి తెలిసిపోయింది. నేను నోరు తెరిచాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, అంతే, గట్టిగా నొక్కను కూడా లేదు.

మామ్మ తల తిప్పి అడిగింది. "ఎప్పుడు తీసేడే కోడలా, నాకు తెలీకుండా?"

"మీరు క్యారేజీ సూస్తన్నప్పుడు, అత్తా," అంది అమ్మ. "ఆయన గుమ్మంలోంచి తీసేరు."

తరువాత నన్ను వంటింట్లోకి పిలిచింది. మాస్టారు చెప్పినదంతా చెప్పాను. అమ్మ పొయ్యిలో పుల్ల సరిచేస్తూ విని, కబురేటీ అక్కర్లేదు, ఉండనీ అంది. నేను వెళ్ళిపోబోతుంటే, వెనక్కి తిరక్కుండానే, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ జడ్జీ ఏటన్నాడే?"

చెప్పాను. గిన్నె అంచు మీద వెలుతురు సంగతి చెప్పాను, నీడలో కళ్ళ సంగతి చెప్పాను, ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి అన్న సంగతి చెప్పాను. అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇంకోపాలి సెప్పు," అంది. మళ్ళీ చెప్పాను. అన్నం ఉడికిందాకా అలా ఎన్నిసార్లు చెప్పించుకుందో. ప్రతిసారీ అదే మాట దగ్గర ఆపి, నిలబడ్డం తెలుసన్నాడా అని అడిగేది. కొడుకు తప్ప ఇంకెవరూ తియ్యలేరన్న మాట చెప్పినప్పుడు మాత్రం చిన్నగా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అద్దుకుంది. వీధి అరుగు మీద మామ్మకి వినబడకుండా నేను గొంతు తగ్గించి చెప్తున్నాను. మా అమ్మ అందుకున్న బహుమతి అంతే.

మామ్మ ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. ఇంటికి ఎవరొచ్చినా, నా కొడుకు తీసిన ఫొటో చూస్తారా అని అమ్మని తెమ్మనేది. అమ్మ తెచ్చి చూపించేది. ఏడాది తిరిగాకైనా క్లబ్బువాళ్ళు ఒక్క వంతు కెమెరా మా ఇంటికి పంపలేదు. మాస్టారిక్కూడా తట్టలేదు. ఆయన చేసిన మేలు ఎంత తలుచుకున్నా, ఈ ఒక్కదానికి మాత్రం నాకిప్పటికీ కోపమే. అమ్మ మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. మామ్మ పోయాక, అప్పటికి నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, ఇంక అసలు సంగతి చెప్పేద్దామే అమ్మా అన్నాను. క్లబ్బు ఎప్పుడో మూతపడింది, మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోయారు, ఆ గోడ ఉన్న మేడే కొట్టేశారు. అమ్మ నా వైపు చూసి, "ఎవరికి సెప్తావే?" అంది.

ఒకళ్ళకి దక్కిన సంతోషాన్ని లాక్కోకుండా ఎలా ఉండాలో ఆ సాయంత్రం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. దానికి ఎంత ఖరీదో వంటింట్లో చూశాను. అందుకే నాకో అలవాటు మిగిలిపోయింది. ఎవరి పనైనా నచ్చితే, అది ఎవరు చేశారో వెతుక్కుంటూ వెళ్తాను. పెళ్ళి భోజనాల్లో పులిహోర బాగుంటే వంటావిడని బయటికి పిలిపిస్తాను. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఎవరైనా ఫైలు బాగా రాస్తే, సంతకం పెట్టిన ఆఫీసర్ని వదిలేసి, రాసిన అమ్మాయి పేరు పెట్టి నలుగురిలో గట్టిగా చెప్పేదాన్ని. మా పిల్లలు సిగ్గుపడి పక్కకి తప్పుకుంటారు, ఎందుకమ్మా అంత గొంతు అంటారు. వాళ్ళకేం తెలుసు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ జడ్జీ మాటలు నేను ఆవిడకి వందసార్లు చెప్పి ఉంటాను, ఒక్కసారీ గట్టిగా చెప్పలేదు.