బోధన్ కాకి, ఇంగ్లీషు వేదాంతం

ఉదయం ఆరున్నరకు డిచ్‌పల్లిలో బస్సెక్కాను. బోధన్‌లో మా అన్న పోయి మూడో రోజు. పిట్టకు పెట్టాలి. పోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెడతారు, కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు ఏమీ తినరు. ఇలాంటి పనిమీద వెళ్లేవారు నిజామాబాద్ బస్టాండులోనే టిఫిన్ చేయడం మంచిది. నేను చేయలేదు.

అక్కడ ఏడూ నలభైకి బోధన్ బస్సు. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. పక్క సీట్లో ఒక అవ్వ, ఒడిలో చక్కెర సంచి.

"చెరుకు మా చేన్లదే బిడ్డా. లారెక్కి ఏడికో పోతది. శక్కర మళ్ల దుకాన్ల కొనుక్కుంటం," అంది.

అన్న చివర్లో చేసిన పనీ ఇలాంటిదే. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. అది మూతపడ్డాక ఒక ఇంగ్లీషు తత్వవేత్త ఉపన్యాసాలను తెలుగు చేస్తూ కూర్చున్నాడు. మన ఉపనిషత్తులను, బుద్ధుణ్ణి పడమటివాళ్లకు నవ్విస్తూ చెప్పి పేరు తెచ్చుకున్నాడా తత్వవేత్త. మరణం గురించిన చివరి అధ్యాయం మిగిలిపోయింది. "నువ్వు పూర్తిచెయ్," అన్నాడు అన్న ఆసుపత్రిలో. నాకు ఆ ఉపన్యాసాల మీద నమ్మకం లేదు. దుప్పటి సర్దాను, మాట మాత్రం ఇవ్వలేదు.

ఎనిమిదిన్నరకు దిగి, ఆటోలో శ్మశానానికి వెళ్లాను. విస్తరిలో మటన్, మిర్చి బజ్జీలు, పక్కన గ్లాసులో కల్లు. చుట్టూ మేము. చింతచెట్టు మీద నాలుగు కాకులు. తొమ్మిదిన్నరైనా ఒక్కటీ దిగలేదు.

"కల్లు తక్కువైందేమో, ఇంకింత పొయ్యుండ్రి," అన్నాడు వదిన తమ్ముడు.

"బావ ముట్టకపోతే నీకే కదరా," అంది వదిన.

అతను విస్తరి ముందు చేతులు జోడించాడు. "నీ స్కూటర్ అమ్మం బావా. రా."

కాకులు కదల్లేదు.

వదిన నావైపు తిరిగింది. "కోరికలే ఉండొద్దని అందరికి సదివి సెప్పిండు. గిప్పుడేం కోరిక మిగిలింది గాయినకు? నీకేమన్న సెప్పిండా సుజాతా?" ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు. మూడు రోజులుగా సరిగా తిన్నది లేదు.

విస్తరి దగ్గరికెళ్లి, "పూర్తిచేస్త అన్నా," అన్నాను.

అందరం వెనక్కి జరిగాం. ఒక కాకి దిగి, మిర్చి బజ్జీ అందుకుని పోయింది.

"సూసినవా అక్కా!" అన్నాడు వదినతో ఆమె తమ్ముడు. నేనూ చూశాను. పొద్దుటినుంచి మేం విస్తరికి దూరంగా జరగడం అదే మొదటిసారని కూడా చూశాను. వదిన మంచినీళ్లు తాగింది. నేను ఇంకో గ్లాసు నీళ్లు పోసిచ్చాను.

రెండు గంటల బస్సులో కిటికీ సీటు దొరికింది. సంచిలో ఆ పుస్తకం, అన్న నోటుబుక్కు. ఎడపల్లి దాటాక చివరి అధ్యాయం తెరిచాను. చనిపోయినవాడికి కోరికలుండవని మొదలవుతుంది. మాట ఇచ్చాను కాబట్టి, అన్న చేతిరాత కింద, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే తెలుగులో రాశాను.