బ్యానర్‌లోంచి తీసేసిన ఫోటో

ఈ సంగతి మోసుకు తిరగడం నాకు అలవాటైపోయింది. అయినా బరువు తగ్గలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే "ఓస్, ఇంతేనా?" అంటారని భయం. ఇంతేనా అనిపించే విషయమే. ఒక ఫోటో తీసేశాను. మరి ఇన్నేళ్లయినా నన్ను ఎందుకు వదలదు? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కాస్త తేలిక.

అప్పట్లో పటమటలో ఒక మేడమీది చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. కొత్త ముచ్చట కదా, ప్రతివాళ్లకీ వెబ్‌సైట్ కావాలి, అందులో ఏదో ఒకటి కదులుతుండాలి. ఒక ఇంటర్మీడియట్ కాలేజీవాళ్లు తమ ఎంసెట్ ర్యాంకర్ల ముఖాలు పేజీ పైన ఒకదాని తరవాత ఒకటి వచ్చిపోయేలా బ్యానర్ చేయమన్నారు. ఫోటోలు మా ఆఫీసులోనే ఇమ్మని పిల్లలకు చెప్పారు.

ఆ ర్యాంకర్లలో ఒకమ్మాయి రిజ్వానా. తన ఫోటో వాళ్ల నాన్నగారు తెచ్చారు. మైలవరంలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మనిషి. నలక్కుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి తెచ్చారు. "స్టూడియోలో మంచిది తీయించానమ్మా," అన్నారు. నిజంగానే మంచిది. పూలపూల చున్నీ తలమీదుగా కప్పుకుని, జలపాతం బొమ్మ వేసిన తెర ముందు నిలబడి నవ్వుతోంది ఆ పిల్ల.

ఇక్కడి నుంచే నాకు అంతా కలగాపులగమవుతుంది. కదిలే బ్యానర్ అంటే బొమ్మల వరస. ఆ వరస మొత్తానికీ కలిపి కొన్ని రంగులే వాడుకోవాలి, లేకపోతే ఆ రోజుల ఫోన్ లైన్ల మీద పేజీ తెరుచుకోదు. మిగతావాళ్లవి చాలావరకు నీలం వెనకతెర ముందు తీసిన ఫోటోలు. రిజ్వానా పూలకూ జలపాతానికీ రంగులిస్తే వాళ్ల ముఖాల మీద మచ్చలు పడుతున్నాయి. రిజ్వానాది తీసి చూశాను. అందరూ తేటగా వచ్చారు. అలాగే ఉంచేశాను. తరవాత పెడదామనుకున్నానా? అనుకున్నాననే అనుకుంటున్నాను.

సైట్ మొదలైన కొద్దిరోజులకు ఆయన మళ్లీ వచ్చారు, ఈసారి చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని. ఇంటర్నెట్ ఎక్కడ చూడాలో తెలియక, తెలిసిన చోటని మా ఆఫీసుకే వచ్చారు. నా కంప్యూటర్ ముందే కూర్చోబెట్టాను. ఇంకేం చేయను?

"మా అమ్మాయి ఎప్పుడొచ్చుద్దమ్మా?"

"వస్తుందండీ. ఇంకా లోడ్ అవ్వాలి."

నోటికి అలా వచ్చేసింది. ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి, పోయాయి. మళ్లీ మొదటి అబ్బాయి వచ్చాడు. చిన్నపిల్ల హుషారుగా పేర్లు పైకి చదువుతోంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఇంకోసారి తిరిగింది. ఆ పిల్ల చదవడం మానేసింది.

"అక్క లేదు అబ్బా," అంది వాళ్ల నాన్నవైపు తిరిగి.

ఆయన గొంతు తగ్గించి నన్నడిగారు. "పేరు చూసి తీసేశారంటావా అమ్మా?"

అదీ నేను నిజం చెప్పవలసిన క్షణం. రంగుల గొడవండీ, నేనే తీశాను, రేపటికి పెట్టేస్తాను అంటే సరిపోయేది. కాలేజీవాళ్లకు ఫోన్ చేస్తారేమో, మా మేనేజరు చీవాట్లు పెడతాడేమో అనిపించింది. "కాలేజీవాళ్లు ఏవి పెట్టమంటే అవే పెడతామండీ," అన్నాను.

"అంతేలే. మధ్యలో నువ్వేం చేస్తావు," అని నన్నే ఓదార్చారు. లేచి, చిన్నదాని భుజం మీద చెయ్యి వేశారు. "దీన్ని కూడా అక్కడే చేర్పిద్దామనుకున్నా. ఇంకొద్దులే." ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మెట్లు దిగుతూ ఏదో అడుగుతోంది.

మర్నాడు వెనక తెర కత్తిరించి, నీలం వేసి, రిజ్వానాను వరసలో పెట్టేశాను. మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోయింది. అంత చిన్న పని. తీసినప్పుడూ పెట్టినప్పుడూ కాలేజీలో ఎవరూ గమనించలేదు. ఆ ఏడాదంతా ఆ పిల్ల అక్కడ నవ్వుతూనే ఉంది. బస్సెక్కి మైలవరం వెళ్లి ఆ మాట చెప్పొచ్చు. కానీ వెళితే, మరి ముందు తీసిందెవరమ్మా అంటారు. వెళ్లలేదు.

రంగుల వల్లే తీశానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ వెనక చెట్లూ గోడలూ ఉన్న ఫోటో ఇంకొకటి కూడా వచ్చింది, ఒక అబ్బాయిది. దాన్ని ముందే ఓపిగ్గా కత్తిరించి నీలం వేశాను. రిజ్వానా దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఏమైంది? విసుగొచ్చిందా? రెండుసార్లు రాసినా నాకు రాని ర్యాంకు తనకు వచ్చిందనా? అలాగైతే అందరినీ తీసెయ్యాలి కదా! పేరు చూశానా? లేదు అని గట్టిగా అనబోతాను, అంతలోనే ఆ పేరు ఫోటో కింద టైపు చేసింది నేనేనని గుర్తొస్తుంది. వీళ్లెక్కడ చూస్తారులే, చూసినా ఏం అడుగుతారులే అని ఒక్క క్షణం అనిపించిందా? ఎంత తవ్వినా తెలియడంలేదు. అనిపించలేదని మాత్రం చెప్పలేకపోతున్నాను. సిగ్గుగా ఉంది.

ఆ చిన్నపిల్ల తరవాత ఎక్కడ చదివిందో, అసలు చదివిందో లేదో కనుక్కోలేదు. లోకం తమను పేరు చూసి పక్కన పెడుతుందని ఆయన ఆ రోజు ఆ పిల్లకు ఎలా చెప్పారో కూడా తెలియదు. నేను రాస్తున్నది ఆయన చదవరు. అయినా ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. ఆయన అడిగినదానికి జవాబు ఇదీ. తీసింది కాలేజీ కాదండీ, నేను. పేరు చూసి కాదని ఒట్టు మాత్రం వేయలేను.