చిత్తూరు దాకా ఒక తప్పు లెక్క

మా చెల్లెలి కూతురు హరిత ఎనిమిదో తరగతితోనే బడి మానేస్తానని పట్టుబట్టింది. తిరుపతిలో ఆ పిల్ల చదివే బడిలో ప్రతి సోమవారం మార్కులు చూసి బెంచీలు మారుస్తారు. ఆర్నెల్లుగా హరితది చివరి బెంచీ. ఇంకో వారం పోతే గోడ అవతల కూర్చోబెడతారని నా భయం. చిత్తూరు దాటాక, తమిళనాడు సరిహద్దు పల్లెలో మా వదిన లెక్కల టీచరు. "ఒక్కసారి ఆ బడి చూపించుకోని రా అన్నా. ఆడ కూడా వద్దంటే ఇంక నేనేమీ అనను" అంది చెల్లెలు.

ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో ఎక్కాం. మా డ్రైవరు హారను కొట్టిన తీరుకు చంద్రగిరి కోటలో రాజులు లేచి కూర్చునే ఉంటారు. హరిత మాత్రం కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఎనిమిదిన్నరకు చిత్తూరులో ఇడ్లీ తిన్నాం. కారప్పొడికి నా చెవుల్లోంచి వచ్చిన పొగకు పక్క టేబులాయన దగ్గాడు. అక్కణ్ణుంచి షేర్ ఆటో. తొమ్మిదిమందిమి, పైగా ఒక టమోటా గంప. గంప నా ఒళ్లో. దిగేసరికి నేనే పచ్చడి.

వదిన తరగతిలో సగంమంది పిల్లల ఇళ్లల్లో తమిళమే. అక్కడొక వింత ఆచారం: లెక్క తప్పు చేసినవాళ్లకే బోర్డు దగ్గర చోటు. మిగిలినవాళ్లు కూర్చుని, దారి ఎక్కడ తప్పిందో వెతకాలి. "నాది తప్పు మిస్!" "నాది పెద్ద తప్పు మిస్!" ఎన్నికల టికెట్టుకు కూడా అంత పోటీ ఉండదు.

వదిన ఇచ్చిన భిన్నాల కూడిక హరిత తప్పు చేసింది. పక్కనున్న సెల్వి తొంగి చూసి, "మిస్, ఈ అక్కది రొంబ, చానా మంచి తప్పు!" అని అరిచింది.

"నేను పోను" అంది హరిత.

"ఏం భయం అక్కా? నిన్నంతా ఆడ నిలుచున్నింది నేనే!" అంటూ సెల్వి చెయ్యి పట్టి లాక్కుపోయింది.

హరిత సుద్దముక్క అందుకుంది. మూడో వరుస రాసి తానే ఆగింది. "కింది అంకెలు కూడా కూడేసినా" అంది మెల్లగా. పిల్లల చప్పట్లకు పైరేకులు లేచి వేలూరులో పడ్డాయనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సులో చెల్లెలి ఫోను. హరిత లాక్కుంది. "అమ్మా, నాకు భిన్నాలు రావు!" జిల్లా ఫస్టు వచ్చినట్టు బస్సంతా వినేలా చెప్పింది. "ఎందుకు రావో తెలిసిపాయ. అత్త ఇంట్లో ఉండి ఆడే చదువుకుంటా."

ముందు సీటు అవ్వ తిరిగి, "నాకూ రావు పాపా, నన్నూ చేర్పించు" అంది.

అంతే, ఆ తప్పు ఎట్లా జరిగిందో అవ్వకు చెప్పడం మొదలుపెట్టింది. తిరుపతి వచ్చింది, బస్సు ఆగింది, పిల్ల ఆగలేదు. ఈ దారిన వెళ్లి ఆ బడి చూడబోయేవారు తిరుగు ప్రయాణానికి చెవుల్లోకి కాస్త దూది తీసుకెళ్లండి.