నాయన చెవి వెనక తీగ

మా ప్రయోగశాలలో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పరీక్షల కోసం మేం తయారుచేసిన ప్లాస్టిక్ తలలో తీగను ఎటు వంచాలో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆదివారాలు మా నాయన తలకు నూనె రాస్తూ వేళ్లతో నేర్చుకున్నాను.

మొన్న ఖమ్మంలో స్కానింగ్ సెంటర్ బయట అమ్మ కోసం కూర్చుని ఉంటే, మెదడులో తీగలున్న పెద్దాయన ఒకరు ఎంఆర్ఐ చేయించుకుని, చెప్పులు వెతుక్కుంటూ తాపీగా బయటికొచ్చారు. అప్పటినుంచి నాకు ఒకచోట కుదురు లేదు.

మణుగూరు బొగ్గుగనిలో పనిచేసిన నాయనకు చేతుల వణుకు తగ్గడానికి అలాంటి తీగలే వేశారు. తర్వాత నడుములో ఏదో పెరిగి కాళ్లు మొద్దుబారసాగాయి. ఆపరేషన్‌కు ముందు ఎంఆర్ఐ కావాలి, తీగలున్నాయని ఎక్కడా తియ్యరు. హైదరాబాదులో నాకు దొరికిన ఉద్యోగమూ ఆ చిక్కు గురించే. యంత్రపు రేడియో తరంగాలకు తీగ కొస ఎంత వేడెక్కుతుందో చూడడానికి, ప్లాస్టిక్ పుర్రెలో మెదడుకు బదులు ఉప్పు కలిపిన జెల్లీ పోసి ఉత్తుత్తి తలలు చేసేవాళ్లం. బుడగ మిగిలితే మళ్లీ మొదలు. మొదటి తలలో తీగను నిటారుగా దింపితే వేడి పుట్టలేదు. ఇక స్కాన్ తియ్యొచ్చని రాయబోతున్నారు, అందరికీ సంతోషం, నేను మాత్రం ఆ నిటారు తీగనే చూస్తూ కూర్చున్నాను. నాయనకు ఆ తీగ చెవి వెనక చుట్టు తిరిగి మెడలోకి దిగుతుంది. నోరు విప్పితే ఆయన స్కాన్ పోతుంది, విప్పకపోతే ఆ స్కానే ఆయన మెదడును కాలుస్తుందేమో. నాయన ఊసెత్తకుండా, ఒకసారి ఇలా వంచి చూద్దామని మా ల్యాబ్ పెద్ద మేడమ్‌ను అడిగాను. జడ కూడా వేస్తావా ఏంటని పక్కసీటు అక్క నవ్వింది. థర్మామీటరు అంకె ఎక్కుతూనే పోయింది.

స్కాన్ తియ్యొచ్చన్న రాత ఆగింది, దాంతో నాయన స్కానూ ఆగింది. ఆ ఎండాకాలం మంచం పట్టిన నాయన మళ్లీ లేవలేదు. ఇప్పుడు తీగలూ మారాయి, యంత్రాలూ మారాయి, స్కాన్ అయ్యాక చెప్పులు వేసుకుని ఇంటికెళ్లడం మామూలైపోయింది; నూనె సీసా కనబడితే నా వేళ్లు మాత్రం ఇంకా ఆ చుట్టునే వెతుకుతాయి.

ఆఖరుసారి తలకు నూనె రాస్తూ, ఆ బొమ్మ తల సంగతి చెప్పి, నీ స్కాన్ నా వల్లే పోయింది నాయనా అని చెప్పేశాను.

"గా బొమ్మ నెత్తి కాలింది, నా నెత్తి మిగిలింది. ఇంకేం గావాలె బిడ్డా? జర ఎడమ దిక్కు గూడ రాయి."