మామ ఎడారిలో మూడు విమానాలు

ఇప్పుడంటే కల్యాణ మండపం మీద డ్రోన్ తిరక్కపోతే మగపెళ్లివారు ముఖం మాడ్చుకుంటున్నారు గానీ, నేను కెమెరా మెడలో వేసుకుని పుదుచ్చేరిలో తిరగడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో పైనుంచి ఫోటో కావాలంటే మనిషే పైకి పోవాలి. మేడ మీది వాటర్ ట్యాంకు ఎక్కితే అదే మాకు ఆకాశం. మా నాయనకు ఎరువుల కొట్టు ఉండేది. తాతల కాలం నుంచి ఆ కొట్టే మమ్మల్ని పోషిస్తోంది కాబట్టి నేను కూడా యూరియా మూటల మధ్య కూర్చుంటే చాలునని ఆయన అభిప్రాయం. నేనేమో చెవులు కుట్టే వేడుకలకూ సీమంతాలకూ ఫోటోలు తీస్తూ, అడిగినవాళ్లకు ఫోటోగ్రాఫర్‌నని చెప్పుకునేవాణ్ణి. (అడిగినవాళ్లు తక్కువ. అడక్కపోయినా చెప్పేవాణ్ణి.)

ఆ కాలంలోనే మా మామ మూడు విమానాలు కొన్నాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు. బాహూరు చెరువు కింద వరిపొలం, దానికి తోడు సముద్రానికి దగ్గర్లో సరుగుడు తప్ప ఇంకేదీ మొలవని ఇసుక నేల ఒకటి ఆయనకు ఉండేవి. వరి పండించే మనిషి విమానాల వేలానికి ఎందుకు పోయినట్టు అని అడిగితే, పాత ట్రాక్టరు కోసం పోయాడని అత్త చెబుతుంది. సైన్యం వాడుకున్నంత వాడుకుని ఇక చాలని పక్కన పెట్టేసిన విమానాలవి. రెండు చిన్నవి, కుర్రవాళ్లకు ఎగరడం నేర్పినవి. ఒకటి పెద్దది, సామాన్లు మోసింది. మూడింటికీ ఇంజన్లు లేవు, లోపల సీట్లు లేవు. లారీల మీద ముక్కలుగా వచ్చిన వాటిని క్రేను పెట్టి ఇసుక నేలలో నిలబెట్టాక, మామ ఊళ్లో విమానం మామ అయిపోయాడు. ఆయన అంతవరకూ విమానం ఎక్కింది లేదు. తర్వాతా ఎక్కలేదు. నిచ్చెన మూడో మెట్టు మీద ఆయనకు కళ్లు తిరుగుతాయి.

వాటిని ఇసుకలోనే పెట్టడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో పని ముగిసిన యుద్ధ విమానాలను ఎడారిలో వరసలు వరసలుగా నిలబెడతారనీ, అక్కడి పొడి గాలికి అవి ఏళ్ల తరబడి చెడవనీ మామ ఏదో వీడియోలో చూశాడు. పైనుంచి తీసిన వీడియో. మైళ్ల పొడుగునా వెండి రెక్కలు మెరుస్తుంటే ఆయన మనసు అక్కడే ఆగిపోయింది. ఇసుక అయితే ఎడారే కదా అని లెక్క వేసుకున్నాడు. పక్కనే సముద్రం ఉందనీ, ఆ ఉప్పుగాలికి మా ఇంటి కిటికీ కమ్మీలే ఏడాదికోసారి రంగు అడుగుతాయనీ ఆయనకు తట్టలేదు. మా నాయన మాత్రం అమ్మతో ఒక మాట అన్నాడు. "సముద్రం వొడ్డున ఎడారి ఉండేది లోకంలో మీ తమ్ముడికి ఒకడికే మే!" అప్పటి నుంచి మా ఇంట్లో ఆ నేల పేరు ఎడారే.

విమానాల్లో హోటల్ పెట్టాలని మామ కోరిక. చిన్నవాటిలో పిల్లలు ఆడుకుంటారు, పెద్దదాంట్లో భోజనాలు. ఆయన చేతిలో ఉన్నదంతా క్రేనుకే సరిపోయింది కాబట్టి చెన్నైలో హోటళ్లు నడిపే ఒకాయన్ని పట్టుకున్నాడు. ఆయన వచ్చి చూసి, తల ఊపి, పోయాక ఫోన్‌లో అసలు సంగతి చెప్పాడు. కింద నిలబడి తీసిన ఫోటోల్లో అవి పాత సామాన్ల గుట్టలా కనిపిస్తున్నాయి, తన అన్నకు చూపించి ఒప్పించాలంటే ఆ అమెరికావాళ్లవి లాగా పైనుంచి తీసిన ఫోటో ఒకటి కావాలి, ఆదివారం లోపల పంపండి, లేకపోతే ఈ మాట ఇంతటితో వదిలేద్దాం అన్నాడు. అటువైపు అత్త కూడా గడువు పెట్టేసింది. హోటల్ లేదంటే సోమవారం పాత ఇనుము వాళ్లను పిలిచి మూడింటినీ కోయించేయాలి. వాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి రెక్కలను వేళ్లతో కొట్టి చూసి పోయారు.

మామ మోటారు సైకిల్ మీద మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా తాగకుండా నన్నడిగాడు. "ఏమి రా, నీ చేత అయితాదా? యాడి నుంచి తీస్తావో నాకు తెల్దు. మూడూ కనపడాల."

"అయితాది మామా," అన్నాను. ఎలా అవుతుందో నాకూ తెలియదు. నాయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు, అందుకని అన్నాను.

వీరాంపట్టినం దగ్గర సముద్రపు ఒడ్డున సెలవు రోజుల్లో జనాన్ని గాలిలో తిప్పే ఒకతను ఉండేవాడు. పెద్ద గొడుగు గుడ్డ, దాని కింద రెండు సీట్లు, వెనక సీటు వెనకాల మంచి సైజు ఫ్యాను, అంతే ఆ వాహనం. ముందు సీట్లో మనం, వెనక సీట్లో గుడ్డ తాళ్లు పట్టుకుని అతను. అందరూ అతన్ని గాలన్న అనేవాళ్లు. ఎక్కడెక్కడ అడగాలో అడిగి, అనుమతి తెచ్చి, శనివారం పొద్దున మామ నేల మీద రెండు చుట్లు తిప్పుతానన్నాడు. సముద్రపు గాలి లేస్తే మూడో చుట్టు లేదు, అది ముందే చెప్పేశాడు.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. అవ్వ అంటే మామకు తల్లి. డెబ్బై దాటినా గడ్డివాములు ఎక్కి అలవాటైన కాళ్లు. విమానాలు వచ్చిన రోజున అందరూ హారతి ఇస్తుంటే, ఆమె మాత్రం చిన్న విమానం రెక్క మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమని తీసుకుని, "దీని మింద వడియాలు పెడితే ఒక్క దినంలో ఎండిపోతాది," అంది. అన్నట్టే పెట్టింది. మేమంతా రెక్కలను చూసి ఎగరడం గురించి ఆలోచిస్తే ఆమె ఎండ గురించి ఆలోచించింది. (ఎవరి ఆలోచన పనికొచ్చిందో మీరే చెప్పండి.) ఫోటో అనుకున్నది సరిగ్గా కత్తిరి వెయిలు రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, ఏడాదికి సరిపడా వడియాలు పెట్టుకునే రోజుల్లో. శుక్రవారం సాయంత్రం మామ వెళ్లి చూస్తే చిన్న విమానాల రెక్కల నిండా పంచెలు, వాటి మీద బియ్యం వడియాలు, పక్కన మజ్జిగ మిరపకాయలు.

"మా, రేపు ఫోటో మా. రెక్కల మింద ఒక్కటి కూడా కనపడకూడదు. చెప్తా ఉండా."

"సరి రా, సరి. ఒక్కటి కూడా కనపడదు," అంది అవ్వ.

ఆమె మాట తప్పే మనిషి కాదు. శనివారం తెల్లవారేసరికి చిన్న విమానాల రెక్కలు కడిగి, తుడిచి, నున్నగా మెరుస్తున్నాయి. మామ చుట్టూ తిరిగి చూసుకుని, పెద్దదాని కింద నిలబడి పైకి చూసి, నాకు సైగ చేసి సముద్రపు ఒడ్డుకు పంపించాడు.

ఎగరడం గురించి గొప్పలు చెప్పను. కాళ్ల కింద ఇసుక పోయిన క్షణంలో నాకు మా నాయన కొట్టు గుర్తొచ్చింది. ఎంత మంచి కొట్టు, నేల మీద ఉండే కొట్టు. మొదటి చుట్టంతా కళ్లు మూసుకునే ఉన్నాను. గాలన్న వెనక నుంచి "బయపడాదే తంబీ, కన్ను తెరు!" అని అరుస్తూనే ఉన్నాడు. రెండో చుట్టులో, సరుగుడు తోపు దాటేటప్పుడు, సోమవారం వచ్చే కట్టర్లను తలుచుకుని కళ్లు తెరిచాను.

చూశాక భయం పోయింది. కింద తెల్లటి ఇసుక, దాని మీద మూడు వెండి సిలువల్లాగా మామ విమానాలు. నేల మీద అవి ముసలి ఇనుము. పైనుంచి మాత్రం ఇప్పుడో కాసేపట్లోనో ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టున్నాయి. మామకు ఈ వీడియో పిచ్చి ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. ఇంకొంచెం దగ్గరికి వచ్చాక పెద్ద విమానం రెక్కలు సరిగ్గా కనిపించాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా పంచెలు పరిచి ఉన్నాయి. తెల్లగా వడియాలు, లేతపచ్చగా మిరపకాయలు. నడుమ నల్ల గొడుగు. గొడుగు కింద, చేతిలో కాకుల్ని తోలే కర్రతో, మా అవ్వ.

మా ఫ్యాను మోతకు ఆమె లేచి నిలబడి, ఆ కర్రను మా మీదికే ఎత్తింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఒక్కసారి క్లిక్‌మనిపించాను. చిన్నవి రెండూ పెద్దదాని ముక్కూ ఒకే చోట వచ్చే కోణం ముందుంది, అక్కడ రెక్కలు సగమే కనిపిస్తాయి, దాన్ని తీస్తే గండం గడుస్తుందని కెమెరా సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే మాకూ విమానాలకూ మధ్య నుంచి ఒక గరుడ పక్షి, తెల్ల మెడా ఎర్ర రెక్కలూ ఎండలో మెరుస్తుండగా, నిదానంగా తేలుతూ పోయింది.

శనివారం, గరుడ దర్శనం. మా ఇంట్లో పెరుమాళ్ల భక్తి. నడక రాకముందే మాకు చెంపలు వేసుకోవడం వస్తుంది. నా చేతులు నన్ను అడగలేదు. కెమెరా వదిలేసి రెండు చెంపలూ వేసుకుని, చేతులు జోడించి, (ఎప్పుడూ పైకి చూసి పెట్టే దణ్ణం కిందికి చూసి పెట్టవచ్చా అన్న ధర్మసందేహం కూడా వచ్చింది) కళ్లు మూసుకున్నాను. నేను చేశానంటే సరే. కళ్లు తెరిచి వెనక్కి తిరిగితే గాలన్న కూడా తాళ్లు వదిలేసి చెంపలు వేసుకుంటున్నాడు. ఆ కాసేపు మమ్మల్ని ఎవరు నడిపారో ఆ పక్షికే తెలియాలి. మేమిద్దరం మళ్లీ ఈ లోకంలోకి వచ్చేసరికి కింద నీళ్లున్నాయి. విమానాలు వెనకబడిపోయాయి. గాలి లేచింది.

దిగి మామ దగ్గరికి వెళ్లేసరికి అవ్వ నిచ్చెన దిగి నాకోసమే కాచుకుని ఉంది.

"నీ గాలికి ఒక పంచె వడియాలు ఇసకలో పడె. ఏమి రా అది, అంత మోత!"

మామ ముఖం నల్లబడింది. "మా, పెట్టొద్దని చెప్తి కదా?"

"కనపడకూడదని కదా రా చెప్తివి! అరకొర ఎండినవి తీస్తే పంచె నుంచి ఊడి వస్తాయా? అందుకే కదా ఎవురికీ కనపడకుండా పెద్దదాని మిందికి ఎక్కిస్తి. కింద నిలబడి చూడు, ఒక్కటన్నా కనపడతాదా?"

నిజమే. కింద నిలబడితే ఒక్కటీ కనపడలేదు.

"వాడు తీసేది పైనుంచి మా!"

"పైనుంచి తీస్తారని నాకు ఎవురు చెప్పిరి? ఫోటో అంటే ఎదురుగా నిలబడి కదా తీస్తారు?"

గాలన్న ఇంకోరోజు రాలేడు, గాలి ఆగలేదు, ఆదివారం వచ్చేసింది. ఉన్న ఒక్క ఫోటోనే పంపించాం. మామ ఆ రోజంతా ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, భోజనం దగ్గర కూడా దాన్ని ఆకు పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం చెన్నై నుంచి ఫోన్ వచ్చింది. ఆయన మర్యాదస్తుడు, కోప్పడలేదు. "మా అన్న చూసి, ఇది అప్పడాల కంపెనీ అనుకున్నాడండీ," అని నవ్వి, వద్దులెండి అన్నాడు. మామ "సరి సార్, పరవాలేదు సార్" అని ఫోన్ పెట్టేశాడు. నాకు ఆ నేల చీలి మింగితే బాగుండుననిపించింది. అవ్వ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ ఏడు వడియాలు డబ్బాల్లో అలాగే ఉండిపోయాయి. వేయించమని ఎవరూ అడగలేదు, ఆమె వేయించలేదు.

సోమవారం కట్టర్లు వచ్చాయి. నిప్పురవ్వలు ఇసుకలో రాలుతుంటే నేను కెమెరా పైకెత్తబోయాను. మామ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఫోటో ఉందా అని అడిగాడు. తెచ్చి ఇచ్చాను. అవ్వ కర్రనూ, గొడుగునూ, వడియాలనూ దేన్నీ పట్టించుకోకుండా, కళ్లద్దాలు తుడుచుకుని మూడు విమానాల మూతుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు.

"మూడూ ఒకే తట్టు ఉండాయి రా. సముద్రం తట్టు. తాడు పట్టుకుని కొలిచి పెట్టిస్తి. క్రేను వాడు నవ్వె. సరిగ్గానే ఉండాది చూడు."

"సరిగ్గా ఉండాది మామా," అన్నాను.

ఆ ఫోటోను మామ పెద్దది చేయించి హాల్లో వేలాడదీశాడు. ఇంటికి ఎవరొచ్చినా, "మా అక్క కొడుకు పైకి పోయి తీసినాడు," అంటాడు. ఎందుకు తీశానో, తీశాక ఏమైందో చెప్పడు. నేను ఇప్పుడు స్టూడియో పెట్టుకుని, కుర్చీలో కూర్చునే డ్రోన్‌తో ఆకాశం నుంచి ఫోటోలు తీస్తున్నాను. అన్నీ చక్కగా వస్తాయి. ఏ ఒక్కదాన్నీ ఎవరూ మళ్లీ అడిగి చూసిన గుర్తు లేదు. అవ్వ పోయి కొన్నేళ్లయింది.

మొన్న బాహూరు పోయినప్పుడు మామతో అన్నాను. "మామా, ఇప్పుడు కంప్యూటర్‌లో ఏమన్నా చెయ్యొచ్చు. గొడుగు, పంచెలు, వడియాలు అన్నీ చెరిపేసి ఉత్త విమానాలు మాత్రం పెట్టిస్తా. చెన్నై ఆయన అడిగినట్టే ఉంటాది."

మామ నా వైపు వింతగా చూశాడు. "అవన్నీ చెరిపేస్తే మా అమ్మ యాడ నిలబడుతాది రా?" అన్నాడు. లేచి వెళ్లి ఫోటో కింది మూల వేలు పెట్టి, "అంతగా చెరపాలంటే దీన్ని చెరుపు. ఏందిది, ఇన్నేండ్లుగా అడగాలనుకుంటా ఉండా," అన్నాడు.

దగ్గరికి వెళ్లి చూశాను. మసక మసకగా నా కుడి పాదం. వేళ్లు అయిదూ భయంతో లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. అంత భయపడుతూ ఆ కుర్రాడు ఆ ఒక్క బటన్ ఎలా నొక్కాడో అని నవ్వొచ్చింది. చెరుపుతాలే మామా అన్నాను గానీ, ఇంకా చెరపలేదు.