అద్దం అంచున దూదిపోగు

శనివారం ఉదయం మా ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది. మా అటెండరు పెద్దన్న తెల్లవారుజామున ఆళ్లగడ్డలో, తన ఇంట్లోనే పోయారు. కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఫోను బల్ల మీద బోర్లించి వెళ్లి చేతులు కడుక్కున్నాను. చేతులకు ఏమీ అంటలేదు. అయినా రెండుసార్లు కడుక్కున్నాను.

ముందు ఏడుపు రావాలి. నాకు భయం వచ్చింది. అది ఎందుకో చెప్పకుండా ఆయన గురించి రాయలేను.

మాది నంద్యాలలో చిన్న పరీక్షశాల. రైతులు, విత్తన వ్యాపారులు తెచ్చే గింజలను పరీక్షిస్తాం. ఒక గదిలో మొలకల పెట్టెలుంటాయి. బయట ఎండ ఎంత మండినా వాటి లోపల వేడి, తేమ ఒక్క తీరుగా ఉండాలి. పక్క గదిలో ధాన్యపు పిండిని గాఢమైన యాసిడ్‌లో ఉడికిస్తాం. అప్పుడు లేచే తెల్లటి పొగ మనిషి ఊపిరిలోకి పోకూడదు. అందుకే ఆ పనంతా ఒక అద్దాల అరలో జరుగుతుంది. ముందున్న అద్దం పైకీ కిందికీ జరుగుతుంది. ఫ్యాను గదిలోని గాలిని అరలోకి లాగి, గొట్టం గుండా మిద్దె పైకి వదులుతుంది. మేం ఫ్యూమ్ హుడ్ అంటాం. పెద్దన్న పొగగూడు అనేవారు.

నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. చెయ్యెత్తి, అనుమతి వచ్చాకే మాట్లాడటం అలవాటు. ఉద్యోగంలో చేరిన మొదటివారం ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో మాట్లాడింది ఆయనే. పొగగూడు అద్దం అంచుకు అంటించిన ఒక దూదిపోగును చూపించారు. గోస్పాడు వైపు నుంచి వచ్చిన పత్తి నమూనాలో మిగిలిన దూదిని వేళ్ల మధ్య పురిపెట్టి, ప్రతి సోమవారం కొత్తది అంటించేవారు. అది లోపలికి వంగితే గాలి లాగుతున్నట్టు. నిలువుగా వేలాడితే మంట వెలిగించకూడదు.

"ముందు దూది గాలి పీల్చాల. ఆ తర్వాతే నువ్వు," అన్నారు.

రోజూ ఆళ్లగడ్డలో మొదటి బస్సు ఎక్కి, సిరివెళ్ల మీదుగా అందరికంటే ముందు వచ్చేవారు. కిటికీలు తీసి, పొగగూడు ఫ్యాను వేసి, దూది ముందు నిలబడేవారు. దేవుడి పటం ముందు నిలబడ్డట్టు ఉండేది. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి మెట్ల మీద కూర్చునే తినేవారు, ల్యాబులో నీళ్లు కూడా తాగేవారు కాదు. ఎవరైనా సీసాలు తెచ్చి పొగగూట్లో దాచుకుంటే ఊరుకునేవారు కాదు. "గాలి పోయే దారప్పా అది, మీ అత్తగారి అలమార కాదు," అని ఒక్కొక్కటే తీసి బయట పెట్టేవారు.

పోయిన ఏడాది పాత పొగగూడు తీసేసి కొత్తది పెట్టారు. అద్దం దించితే దాని ఫ్యాను తనంతట తానే నెమ్మదిస్తుంది. ఏసీ చల్లబరిచిన గాలి ఊరికే బయటికి పోదు, కరెంటు ఆదా అవుతుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చలైటు వెలుగుతుంది. పెద్దన్నకు అది నచ్చింది. "అద్దం దించితే కరెంటూ మిగుల్తాది, నువ్వూ మిగుల్తావ్," అనేవారు. కానీ దూదిపోగు మాత్రం తీయలేదు. చూడటానికి బాగాలేదని మేనేజరు గారు తీయిస్తే, ఆయన అటు వెళ్లగానే పెద్దన్న మళ్లీ అంటించారు. పచ్చలైటు ఉండగా ఇదెందుకని మేం నవ్వాం.

"లైటు దాని కడుపు సూసుకుంటాది పాపా. దూది నీ ముక్కు సూస్తాది."

ఆయన తండ్రి ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు నునుపు పెట్టేవారు. పెద్దన్న కూడా ముప్పై ఏళ్లు దాటేదాకా అదే పని చేశారు. తండ్రి దగ్గి దగ్గి పోయాకే ఆ పని వదిలారు. ఒకసారి రొట్టె తుంచుతూ మామూలుగా చెప్పారు. "దేవుళ్ల మొగాలు నున్నగా చేసి చేసి మా నాయన రొమ్ములో రాయి పెరిగింది." తనకూ అప్పటి నుంచే కాస్త దగ్గు ఉండేది.

ఇక నేను చేసిన పని.

మే నెల మధ్యాహ్నం. కరెంటు మిగలాలని ఏసీ తగ్గించారు. పొగగూట్లో ఆరు ఫ్లాస్కులు ఉడుకుతున్నాయి. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెద్దన్న మెట్ల మీద అన్నం తింటున్నారు. పొగగూటికి ఎదురుగా ఫ్యాను పెట్టకూడదని ఆయన మొదటిరోజే చెప్పారు. బయటి గాలి అద్దానికి తగిలి, పొగను వెనక్కి తిప్పి మన మొహానికే తెస్తుందట. అది పాత పొగగూడు సంగతి అనుకున్నాను. మొలకల గదిలోని నిలువు ఫ్యాను లాక్కొచ్చి నా వెనక పెట్టుకున్నాను. ఫ్లాస్కులు బాగా కనబడాలని అద్దం పూర్తిగా ఎత్తాను. పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

దూదిపోగు బయటికి, నా వైపుకు ఎగురుతోంది. చూశాను. చూసినా అర్థం కాలేదు. తర్వాత గొంతులో నిప్పు పోసినట్టయింది. పరుగెత్తలేదు, అరవలేదు. తరగతిలో ఉన్నట్టు చెయ్యెత్తాను. నిజంగానే ఎత్తాను.

పెద్దన్న తలుపు దగ్గర కనబడ్డారు. ఫ్యాను తీగ లాగేశారు. "ఊపిరి బిగబట్టు. బయటికి పో," అన్నారు. గట్టిగా అనలేదు. నేను బిగబట్టి మెట్లదాకా వెళ్లాను. ఆయన లోపలే ఉండి మంట ఆర్పి, అద్దం కిందికి దించి వచ్చారు. మెట్ల కింద కూర్చుని చాలాసేపు దగ్గారు.

మేనేజరు గారు వచ్చి ఫ్యాను ఎవరు పెట్టారని అడిగారు. నేను నోరు తెరిచేలోపు, కాదు, నేను నోరు తెరవలేదు, పెద్దన్న చెప్పారు. "నేనే పెట్టినా సార్. ఉక్కగా ఉండె." అందరి ముందూ తిట్లు తిన్నారు. ప్రమాదాల పుస్తకంలో ఆయన పేరే ఎక్కింది. నేను నా చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

వానలు మొదలయ్యేసరికి ఆయన దగ్గు పెరిగింది. తర్వాత పనికి రావడం మానేశారు. పాత రాతిదుమ్మే కారణమని డాక్టరు చెప్పారట. ఆ మాటను నేను రోజూ ప్రార్థనలో పట్టుకున్నాను. పూర్తిగా నమ్మలేకపోయాను. సోమవారాలు దూదిపోగు మాత్రం నేనే మార్చాను. ఆళ్లగడ్డకు వెళ్లి ఆయన్ను చూడలేదు. చూస్తే చెప్పాల్సి వస్తుందని భయం.

శనివారం వెళ్లాను. సందు పొడుగునా సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ రాయి కొట్టలేదు. ఆయన్ను వరండాలో పడుకోబెట్టారు. ముక్కు రంధ్రాల్లో దూది పెట్టి ఉంది. నేను ఆ దూదినే చూస్తూ ఉండిపోయాను. నా కళ్లు అలవాటుకొద్దీ అది కదులుతుందేమోనని చూశాయి.

ఆయన భార్య పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా చెప్పేశాను. ఫ్యాను నేనే పెట్టానని, ఆ రోజు మాట్లాడలేదని. ఆమె నా వైపు తిరగలేదు.

"నాకు తెలుసు పాపా," అంది. "ఆ పొద్దే ఇంటికొచ్చి చెప్పినాడు. పాప బెదిరిపోయింది, ఇంక సచ్చేదాకా మర్సిపోదు అని నగినాడు."

నేను అడగలేని ప్రశ్న ఆమెకు వినబడిందేమో.

"నీ పొగో, రాతిదుమ్మో, ఎవురికి తెలుసు? నాకూ తెలీదు. లేదని నేనెట్ల చెప్పేది?" ఆయన మీది దుప్పటి సర్ది మళ్లీ అంది. "తెల్లారుజామున పలకలేదు. ముక్కుకాడ దూది పెట్టి సూసినా. కదల్లే."

బస్సులో వస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నాను.

సోమవారం మేనేజరు గారి గదికి వెళ్లి నిజం చెప్పాను. ఇప్పుడెందుకమ్మా, పోయిన మనిషి, అన్నారాయన. ప్రమాదాల పుస్తకం అడిగి తీసుకుని, మే నెల పేజీలో పెద్దన్న పేరు కొట్టేసి నా పేరు రాశాను. పేరు వంకరగా పడింది.

తర్వాత పొగగూడు దగ్గరికి వెళ్లాను. పాత దూదిపోగు తీసేసి, కొత్తదానికి వేళ్ల మధ్య పురిపెట్టి, అద్దం అంచుకు అంటించాను. ఫ్యాను వేశాను. పచ్చలైటు వెంటనే వెలిగింది. దూది నిలువుగా వేలాడుతోంది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. గొట్టంలో ఎక్కడో గాలి కదిలిన చప్పుడు. దూది కొన, కొన మాత్రమే, ఒకసారి ఉలిక్కిపడింది. ఆ తర్వాత పోగంతా మెల్లగా లోపలికి వంగి, వణుకుతూ, అలాగే ఉండిపోయింది.