దర్జీ కథ చివరి పేరా

పాత ఉర్దూ పత్రికలకు ఒక వాసన ఉంటుంది. మొన్న కరీంనగర్‌లో పాత పుస్తకాలు అమ్మే కొట్టులో ఒక కట్ట విప్పగానే ఎండిన వేపాకు, జిగురు, కాస్త చెమ్మ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలింది. ముందు తుమ్ము వచ్చింది, ఆ వెనకే గుండెలో పాత దడ. కొట్టతను కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు. కాగితం వాసనకే బెదిరిపోయే ముసలమ్మను అతనెప్పుడూ చూసి ఉండడు. నాకు ఆ దడ అంటించినవారు రహమతుల్లా సాబ్. చదువు పిచ్చి అంటించిందీ ఆయనే.

అరవైల మొదట్లో నేను గోదావరి దాపున ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. మిషన్ బడిలో చదువుకున్నదాన్ని, చేతిరాత గుండ్రంగా ఉంటుందని పేరు. నిజాం కాలపు భూమి కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. వాటికి తెలుగు నకళ్ళు తయారుచేయాలి. రహమతుల్లా సాబ్ యాభై దాటిన మున్షీ. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటం వచ్చు, తెలుగు చదవడం, రాయడం రావు. నాకు ఉర్దూలో మొదటి అక్షరం అలిఫ్ కూడా రాదు. అందుకని ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన కాగితం చూస్తూ తెలుగులో చెప్పేవారు, నేను రాసేదాన్ని. రాసింది పైకి చదివి వినిపించాలి. ఆయన సరేనంటే కింద 'చదివి చెప్పినవారు' అని ఆయన పేరు, 'రాసినవారు' అని నా పేరు, పక్కన కచేరీ పేరు రాయాలి. ఆ రెండు వరుసలు లేని నకలు చెల్లదు. మొదటిరోజే నాకు చెప్పారు, "నీ తెలివి ఇంటికాడ పెట్టి రా బిడ్డా. ఈడ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తె చాలు."

ఆయన మహా భయస్థుడు. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం కూలినప్పటి పోలీస్ యాక్షన్ గొడవల్లో విడిపోయిన తమ్ముడు ఎలాగో కరాచీ చేరాడు. ఆ తమ్ముడి ఉత్తరం వస్తే సాబ్ దాన్ని విప్పకుండానే ఠాణాకు తీసుకెళ్ళి, వాళ్ళ ముందు విప్పి, ఆ తరువాతే ఇంటికి తీసుకెళ్ళేవారు. అలా చేయమని ఎవరూ అడగలేదు. "అడిగినంక చూపిస్తె దొంగ లెక్క చూస్తరు. అడగకముందె చూపిస్తె ఫికర్ లేదు" అనేవారు. ఆ ఫికర్, ఆ బెంగ మాత్రం ఆయనను ఒక్కరోజూ వదిలిపెట్టలేదు.

అన్నాల వేళ సంచిలోంచి ఏదో ఉర్దూ పత్రిక తీసి చదువుకునేవారు. ఒకరోజు చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే ఏమిటని అడిగాను. "పంజాబ్ దిక్కు కిస్సా. మన దేశం రెండు తునకలైనప్పటిది" అన్నారు. చెప్పమని పట్టుబట్టాను. నకలు చెప్పినట్టే, కాగితం మీద నుంచి కన్ను తీయకుండా చెప్పారు. నా చేయి ఊరుకుంటుందా, రాసేశాను. అలా ఏడెనిమిది కథలు పోగయ్యాయి. అప్పటిదాకా నాకు దేశ విభజన అంటే బడి పుస్తకంలో నాలుగు వరుసలు. మంచం కోడు పట్టుకుని బండి ఎక్కనని మొండికేసిన ముసలమ్మ, కొత్త పేరుతో పిలిస్తే పలకని పిల్ల నాకు ఆయన గొంతులోనే పరిచయమయ్యారు. ఇంటికి వెళ్ళాక కూడా వాళ్ళకేమైందోనని మనసు పీకుతుండేది. "ఎవలో ఏడిస్తె నీకెందుకే గీ పరేషాను?" అని అవ్వ కసిరేది.

వాటిలో ఒకటి దర్జీ కథ. ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళ గుడ్డలు దర్జీ దగ్గర మిగిలిపోతాయి. అతను కొలతల ప్రకారం అన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, కొట్లో వేలాడదీస్తాడు. ఎవరికోసమని అడిగితే, కొలతలిచ్చారు కదా, వస్తారంటాడు. అక్కడ సాబ్ పత్రిక మూసేశారు. "అంతేనా సాబ్?" అన్నాను. "అంతె అనుకో బిడ్డా" అన్నారు. ఆ ముగింపు నాకు ఎంత నచ్చిందంటే, ఆయనను ఒక్క మాట అడగకుండా, శుభ్రంగా తిరగరాసి ఒక తెలుగు వారపత్రికకు పంపాను. అలవాటు పడిన చేయి కింద ఆ రెండు వరుసలూ రాసేసింది. పత్రికవాళ్ళు అక్షరం పొల్లుపోకుండా అలాగే వేశారు. వేసింది అరవై ఐదులో, పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తున్న రోజుల్లో. అవతల చుట్టాలున్నవాళ్ళను పిలిచి అడుగుతున్నారని ఊరంతా చెప్పుకుంటున్నప్పుడు.

సంబరంగా ఆయనకు చదివి వినిపించాను. చివరి రెండు వరుసలు పైకి చదివాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"కచేరి పేరు గూడ రాసినవా?" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "తమ్ముడు ఆడ, నా పేరు ఈడ. నౌకరి పోతె పోయింది, ఇంట్ల ఆడపిల్లలున్నరు బిడ్డా" అన్నారు. ఆ తరువాత మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

నాలుగో రోజు పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. తెలుగాయనే, కానీ ఆ తరం వాళ్ళలో చాలామందిలాగే ఉర్దూలో చదువుకున్నవారు. సాబ్ దాచుకున్న ఉర్దూ పత్రిక అడిగి తీసుకుని, తెలుగు పత్రిక పక్కన పెట్టుకుని, వేలు పెట్టి వరుస వరుసా చదివారు. మేమిద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"ఆఖరి పేరా తెలుగుల లేదు. ఏం దాచినవ్ మున్షీజీ?" అన్నారు.

"దాయలే సాబ్. నోరు రాలే."

"ఇప్పుడు చెప్పు. గీ పిల్ల రాస్తది. ఇద్దరు సంతకాలు పెట్టి ఇయ్యిండ్రి, ఫైల్ల పెట్టాలె."

కలం తీసుకున్నాను. సాబ్ పత్రిక కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టారు. "గల్లీలకు గుంపు వచ్చింది. ఎవ్వలు గుర్తుపట్టద్దని దర్జీ, ఎల్లిపోయిన దోస్తు అంగీ తొడుక్కున్నడు." రాశాను. అప్పుడు ఆయన కళ్ళు కాగితం మీద నుంచి పక్కకు తప్పుకున్నాయి. అన్నేళ్ళలో అలా జరగడం అదే మొదలు. "ధోతి కట్టుడు నాకేడ వస్తది? మగ్గాల మల్లయ్యనె కట్టిండు. బొట్టు పెట్టిండు. ఎవలన్న అడిగితె మా బామ్మర్ది అంటా అన్నడు. గోదావరి దాటిన. తమ్ముడు అవుతలి ఒడ్డుకాడనె ఉండిపోయిండు. మల్లయ్యకాడ ఒక్క ధోతినె ఉండె సాబ్."

చెప్పింది చెప్పినట్టు రాస్తే అది కథ కాదు, వాంగ్మూలం అవుతుంది. యాక్షన్‌లో వేషం మార్చి ఎందుకు పారిపోయావు, ఏం చేసి పారిపోయావు అని అడిగితే, ప్రాణభయం అన్న జవాబును ఆ యుద్ధం రోజుల్లో ఎవరు నమ్ముతారు? పాపం, ఆ మల్లయ్యనూ లాక్కొస్తారు. ఇన్‌స్పెక్టర్ నా చేతినే చూస్తున్నారు. రాశాను. మా పద్ధతి ప్రకారం పైకి చదివాను. "దర్జీ ఆ అంగీతో ఏరు దాటాడు. అవతలి ఒడ్డున అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు."

ఇన్‌స్పెక్టర్ ఉర్దూ పేజీ చూశారు. "గిండ్ల ఏరు లేదు. రైలు టేసన్ ఉన్నది" అన్నారు.

ఆయన సాబ్ వంక చాలాసేపు చూశారు. "మున్షీజీ, గీమె రాసింది సరేనా?" అన్నారు చివరికి.

"సరె సాబ్."

ఇద్దరం సంతకం పెట్టాం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయారు. ఆ తరువాత నెలల తరబడి బయట సైకిల్ గంట మోగితే చాలు, మా బల్ల దగ్గర రెండు తలలూ లేచేవి. పిలుపు రాలేదు. సాబ్ నన్ను ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు, మళ్ళీ ఏ కథా చెప్పలేదు. ఒకరోజు మాత్రం పలక తెచ్చి నా ముందు పెట్టి, "నాతోని ఇగ కాదు. నువ్వె చదువుకో" అని అలిఫ్ దిద్దించారు. ఆయన పింఛను తీసుకునే నాటికి నాకు పత్రిక చదవడం వచ్చేసింది.

ఆ చదువుతోనే ముప్పై ఏళ్ళకు పైగా ఉర్దూ కథలు తెలుగు చేస్తున్నాను. మూలంలో లేని ఒక్క మాట పడిందేమోనని ఇప్పటికీ హడలిపోతాను. సంపాదకులు విసుక్కునేదాకా సరిచూస్తూనే ఉంటాను. ఆ పోలీసు ఫైలును చెదలు తిన్నాయో, ఏ బీరువాలోనైనా ఉందో తెలియదు. అందులో నా గుండ్రటి చేతిరాతతో రెండు అబద్ధపు వాక్యాలున్నాయి. వాటిని దిద్దాలని మాత్రం నాకు ఈనాటికీ అనిపించలేదు.